వెనక సీటు

గ్యారేజీ తలుపు ఎత్తగానే ముందు కనిపించేది ఆ బండే. బండి అనడం కంటే చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అనాలేమో. ముందు గాలీ వానా తగలకుండా గోడలాంటి ఫెయిరింగ్, దాని మీద పొడవాటి అద్దం, వెనక రెండు వైపులా సూట్‌కేసుల్లాంటి పెట్టెలు, ఇద్దరు దర్జాగా కూర్చునే సీటు. బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌టీ. 1982 నాటిది. 980 సీసీ ఇంజిను, 24 లీటర్ల ట్యాంకు. దూరప్రయాణాల కోసమే పుట్టిన మోటార్‌సైకిల్.

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ శివార్లలో ఉంటుందా ఇల్లు. ఇంటి పెద్దాయన బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వయసు డెబ్బై అయిదు దాటింది. ఉద్యోగం చేసే రోజుల్లో ఆ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. టీచర్లకు ఎండాకాలం సెలవులు ఎక్కువ కదా! ఏటా ఆగస్టు వచ్చిందంటే భార్యాభర్తలిద్దరూ పెట్టెలు సర్దుకునేవారు. ఓ ఏడు స్కాట్లండ్ కొండలు, మరో ఏడు డోవర్ నుంచి ఓడలో కలే చేరి ఫ్రాన్స్, అటునుంచి ఆల్ప్స్.

ఇటలీ ఉత్తరాన స్టెల్వియో కనుమ ఉంది. ఎత్తు 2,757 మీటర్లు. ఒకవైపు నుంచి ఎక్కితే 48 మెలికలు. ప్రతి మెలిక దగ్గరా దాని నంబరు రాసిన గుర్తు ఉంటుంది. వెనక కూర్చున్న ఆమె ఒక్కో నంబరూ గట్టిగా చదివేది. చదివిన ప్రతిసారీ భుజం మీద తట్టేది. నలభై ఎనిమిది దెబ్బలు తిన్నాక కొండ పైకి చేరానని ఆయన చెబుతుంటే ఇంట్లో అందరూ నవ్వేవారు.

ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత బండి తాళం ఎవరూ ముట్టుకోలేదు.

ఓ ఆదివారం భోజనాల దగ్గర కొడుకు నెమ్మదిగా కదిపాడు.

‘‘నాన్నా, ఆ బండిని అలా తుప్పు పట్టనివ్వడం దేనికి? నేను కెఫే రేసర్‌గా మార్చుకుంటా’’.

పెద్దాయన చాలాసేపు పళ్లెంలోకే చూస్తూ ఉండిపోయాడు. చివరికి అన్నాడు. ‘‘సరే. కానీ ఒక్క మాట. ఏది విప్పినా విప్పు. దేన్నీ కొయ్యకు’’.

ఇంతకీ కెఫే రేసర్ అంటే? అదేమీ ఒక కంపెనీ పేరు కాదు. ఒక తరం పెట్టుకున్న పిచ్చి పేరు. లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఏస్ కెఫే అని ఓ హోటలు ఉంది. 1938లో లారీ డ్రైవర్ల కోసం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతింటే 1949లో మళ్లీ కట్టారు. రాత్రీ పగలూ టీ దొరికే చోటు. యాభైలు, అరవైల్లో తోలు జాకెట్లు వేసుకున్న కుర్రకారు అక్కడ చేరేవారు. జేబులో డబ్బు తక్కువ, ఒంట్లో వేగం ఎక్కువ. గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల వేగం అందుకోవడం వారి కల. జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసి, పాట అయిపోయేలోగా ముందున్న రౌండెబౌట్ దాకా వెళ్లి తిరిగొచ్చేవారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

రేసు బండి కొనే స్తోమత లేదు. అందుకని ఉన్న బండినే రేసు బండిగా మార్చేవారు. హ్యాండిల్ కిందికి దించేవారు. కాళ్లు పెట్టుకునే చోటు వెనక్కి జరిపేవారు. సీటును ఒక్కరికి సరిపోయేలా కుదించేవారు. అక్కర్లేదనుకున్నదల్లా తీసేసేవారు. మరీ నేర్పరులైతే నార్టన్ బండి ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిను కూర్చి రెండు పేర్లూ కలిపి ‘ట్రైటన్’ అనేవారు.

మన బుల్లెట్‌కీ ఈ కథలో చోటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1964లో కాంటినెంటల్ జీటీ అనే 250 సీసీ బండిని కంపెనీ నుంచే కెఫే రేసర్ రూపంలో దింపింది. 1970లో ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ తయారీ ఆగిపోయింది. 1955లో మద్రాసులో మొదలైనది మాత్రం ఆగలేదు. అక్కడినుంచే 2013లో అదే పేరుతో మళ్లీ కెఫే రేసర్ రోడ్డెక్కింది. హైదరాబాద్, విజయవాడ వీధుల్లో ముందుకు వంగి కూర్చుని కుర్రాళ్లు నడిపే ఆ బళ్లకు తాతలు లండన్ టీ కొట్టు ముందు పుట్టారన్నమాట.

ఇక మన గ్యారేజీకి వద్దాం.

కొడుకు మొదట ఫెయిరింగ్ విప్పాడు. తర్వాత పెట్టెలు. ఒక పెట్టె అడుగున మడతల దగ్గర చిరిగిన రోడ్డు మ్యాపు దొరికింది. ఆల్ప్స్ దారుల మీద పెన్సిల్ గీతలు. అక్షరాలు అమ్మవి. మ్యాపును తండ్రి చేతికిచ్చి, మారుమాట్లాడకుండా మళ్లీ పానా అందుకున్నాడు.

పెద్దాయన మూలనున్న కుర్చీలో కూర్చునేవాడు. సలహాలిచ్చేవాడు కాదు. అడిగితే మాత్రం చెప్పేవాడు.

విప్పడం సులువే. గోడలాంటి ఫెయిరింగ్ పోయేసరికి బండి ఒక్కసారిగా సన్నబడింది. రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చిన సిలిండర్లు కండల్లా కనిపించాయి. కొడుకు మొహం వెలిగిపోయింది. చిక్కులు ఆ తర్వాతే మొదలయ్యాయి.

కిందికి ఉండే పొట్టి హ్యాండిళ్లు బిగించాడు. పూర్తిగా తిప్పి చూస్తే అవి ట్యాంకుకు తగులుతున్నాయి. రోడ్డు మీద మలుపు తిప్పేటప్పుడు ట్యాంకుకూ హ్యాండిల్‌కూ మధ్య బొటనవేలు నలిగితే? మళ్లీ విప్పి, కొంచెం ఎత్తులో ఉండేవి వేశాడు. హ్యాండిల్ దిగేసరికి క్లచ్ కేబులూ బ్రేకు పైపూ పొడవెక్కువై ఉచ్చుల్లా వేలాడాయి. వాటికి బదులు పొట్టివి కొన్నాడు.

ఇంజిన్‌కు గాలినిచ్చే ఫిల్టరు పెట్టె చూడ్డానికి పెద్దగా, అడ్డంగా ఉంది. దాన్ని తీసేసి కార్బొరేటర్లకు నేరుగా చిన్న ఫిల్టర్లు తగిలించాడు. ఫొటోల్లో అన్ని బళ్లకూ అలాగే ఉన్నాయి మరి! స్టార్టయితే అయింది కానీ యాక్సిలరేటర్ తిప్పితే దగ్గులు. రెండు వారాలు కుస్తీ పట్టాడు. మూడో వారం కుర్చీలోంచి తండ్రి అడిగాడు.

‘‘ఆ పెట్టె ఎందుకు పెట్టారంటావ్?’’

‘‘దుమ్ము రాకుండా’’.

‘‘అంతేనా?’’

కొడుకు కూర్చుని చదివాడు. ఆ రకం కార్బొరేటర్లలో ఉండే పిస్టన్ గాలి లాగుడును బట్టి పైకి లేస్తుంది. పెట్రోలు ఎంత కలవాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. గాలి కుదురుగా రావడానికి ఆ పెట్టె తోడ్పడుతుంది. పెట్టె తీసేస్తే జెట్లు మార్చి, లెక్కంతా మళ్లీ మొదటినుంచీ కట్టాలి. పెట్టె తిరిగి బిగించాడు. దగ్గు పోయింది.

వెనక షాకబ్జార్బర్లదీ అదే కథ. వాటి స్ప్రింగులు ఇద్దరు మనుషులనూ రెండు పెట్టెల సామాన్లనూ మోయడానికి సరిపోయేంత గట్టివి. ఇప్పుడు ఆ బరువు లేదు. ఇంటి ముందు గుంతలో పడితే బండి కుర్ర గుర్రంలా ఎగిరింది. మోసే బరువు లేకపోయినా కుదురుగా ఉండలేదన్నమాట! వాటి స్థానంలో మెత్తటివి వేయాల్సి వచ్చింది.

కెఫే రేసర్‌ను చేసేది తీసివేతలతోనే. కానీ ఏది తీసేసినా, అది అప్పటిదాకా చేస్తున్న పని ఏమిటో అప్పుడు తెలిసొస్తుంది. ఆ వేసవంతా కొడుకు నేర్చుకున్నది అదే.

అన్నింటికంటే పెద్ద ప్రశ్న మిగిలింది. వెనక సీటు.

కెఫే రేసర్ అందమంతా తోకలో ఉంటుంది. సీటు ఒక్కరికే. చివర చిన్న గూను. వెనక చక్రం పైన ఖాళీ. అలా రావాలంటే సీటును మోసే ఫ్రేము పొట్టిదవ్వాలి. చాలామంది గ్రైండరుతో ఆ వెనక కడ్డీలు కోసేసి, చివర వంకీ వెల్డింగు చేయిస్తారు. అరగంట పని. కోసింది మాత్రం మళ్లీ రాదు.

ఓ శనివారం మధ్యాహ్నం పెద్దాయన వంటింట్లో టీ పెట్టుకుంటున్నాడు. గ్యారేజీలోంచి గ్రైండర్ శబ్దం. చేతిలో కెటిల్ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. మోకాళ్ల నొప్పి గుర్తుకు రాలేదు.

కొడుకు ఓ ఇనుప రేకు తుప్పు గీకుతున్నాడు. అంతే.

తండ్రి గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొడుకు గ్రైండర్ ఆపి పక్కన పెట్టాడు.

‘‘కొయ్యను నాన్నా. కొయ్యనని చెప్పాగా’’.

‘‘కొయ్యవని తెలుసు’’ అన్నాడాయన. కానీ వెంటనే వెళ్లిపోలేదు. సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లు ఒకరు కూర్చున్న చోటు వెనకవైపు కాస్త లోతుగా అణిగి ఉంది. అప్పటిదాకా కొడుకు దాన్ని గమనించనేలేదు.

ఆ రకం బీఎండబ్ల్యూలకు ఒక మంచి గుణం ఉంది. వెనక సీటును మోసే ఫ్రేము ముక్క అసలు ఫ్రేముకు వెల్డింగుతో అతికింది కాదు. బోల్టులతో బిగించింది. విప్పితే మొత్తంగా ఊడొస్తుంది. కొడుకు దాన్ని విప్పి పక్కన పెట్టాడు. అవే బోల్టు రంధ్రాలకు సరిపోయేలా పొట్టి ఫ్రేమును వెల్డర్ దగ్గర విడిగా చేయించాడు. ఖర్చు ఎక్కువైంది. నెలరోజులు ఆలస్యమైంది. కానీ పాత ఫ్రేము చెక్కు చెదరలేదు. దానికి నూనె రాసి, దుప్పటిలో చుట్టి, పాత సీటుతో పాటు అటక మీద పెట్టారు.

లైట్లు, అద్దాలు, నంబరు ప్లేటు ఎక్కడివక్కడ ఉండేలా చూసుకున్నారు. చేసిన మార్పులన్నీ బీమా కంపెనీకి రాసి పంపారు. అక్కడ అది దాచకూడని విషయం.

తర్వాతి ఏడు మే నెలలో కొడుకు ఏస్ కెఫేకు బయలుదేరాడు. 1969లో మూతపడిన ఆ హోటలు 2001లో మళ్లీ తెరుచుకుంది. బర్మింగ్‌హామ్ నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. కోడలు కారు నడిపింది, పక్కన పెద్దాయన. ముందు అద్దంలోంచి చూస్తే తన బండి తనకే కొత్తగా ఉంది. సన్నగా, నల్లగా, బాణంలా పోతోంది.

అక్కడ జనం చుట్టూ మూగారు. వంగి చూశారు. ఫొటోలు తీసుకున్నారు. కొడుకు నవ్వుతూ జవాబులు చెప్పాడు కానీ మణికట్లు పీకేస్తున్నాయి, నడుం పట్టేసింది. దారిలో పడిన వాన మొత్తం గుండెల మీదే పడింది. ఫెయిరింగ్ దేనికో అప్పుడు తెలిసిందని తండ్రితో ఒప్పుకున్నాడు.

టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు. ‘‘దారి పొడుగునా ఒక్కటే వెలితి నాన్నా. నిన్ను ఎక్కించుకోవడానికి చోటు లేదు’’.

పెద్దాయన ఏమీ అనలేదు.

ఆ సెప్టెంబరులో ఓ ఆదివారం పొద్దున కొడుకు అటకెక్కి దుప్పటి మూట దించాడు. పొట్టి ఫ్రేము విప్పి, పాతది ఎక్కించాడు. దేన్నీ కొయ్యలేదు కాబట్టి ప్రతి బోల్టూ దాని చోట్లో అది కూర్చుంది. షాకబ్జార్బర్లు కూడా పాతవే వేశాడు. మధ్యాహ్నానికల్లా సీటు బిగిసింది. ముందు చూస్తే రేసు బండి, వెనక చూస్తే సంసారి బండి! చూడ్డానికి వింతగానే ఉంది.

‘‘ఎక్కు’’ అన్నాడు తండ్రితో.

పెద్దాయన ఆ బండిని లక్ష మైళ్లకు పైగా నడిపాడు. దాని వెనక సీటు మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మెల్లగా కాలు అటువైపు వేసి, ఆ అణిగిన చోట సర్దుకుని కూర్చున్నాడు.

బండి కదిలింది. ఎదురుగా రోడ్డు కనిపించలేదు. కనిపించింది హెల్మెట్ వెనక భాగం ఒక్కటే. పక్కకు చూస్తే పొలాలు, కంచెలు, ఎవరిదో ఆరేసిన దుప్పటి. ఇన్నేళ్లూ ఆల్ప్స్ అంతా తను చూపించాననుకున్నాడు. ఆమెకు కనిపించింది ఇదన్నమాట. తన వీపు, ఓ పక్క లోకం.

ఇంగ్లండ్ రోడ్ల మీద కొండ మెలికలు తక్కువ. రౌండెబౌట్లకు మాత్రం కొదవ లేదు. మొదటిది రాగానే కొడుకు భుజం మీద చిన్న దెబ్బ పడింది.

‘‘ఒకటి!’’ అని గట్టిగా వినిపించింది వెనకనుంచి.

ఇల్లు చేరేసరికి పదకొండయ్యాయి. ఆ సీటును ఇంకా విప్పలేదు.