నాయన మీసం

మా నాయన ఒళ్ళు తుమ్మమొద్దు. 75 కిలోల వడ్లబస్తా ఒక్క ఊపులో భుజానికెత్తేవాడు. "ఎద్దురా నువ్వు" అని ఆసామి మెచ్చుకునేవాడు. నాయన నవ్వేవాడు. అది మెచ్చుకోలో కాదో చాలా ఏళ్ళు నాకు తెలియలేదు. ఎద్దు బరువు మోయొచ్చు గానీ మీసం తిప్పకూడదు గదా!

నాయనకు గుబురు మీసం. వాడలో ఉన్నంతసేపూ కొసలు పైకుండేవి. ఊళ్ళోకి పోయేముందు తడిచేత్తో కిందికి దువ్వేవాడు. తువ్వాలు భుజం మీంచి చంకలోకి పోయేది. అంత మనిషీ ఆసామి అరుగు ముందు నాకంటే పొట్టివాడయ్యేవాడు. అక్కడ వంగిన నడుం ఇంటికొచ్చాక అమ్మ మీద లేచేది. అదీ చూశాను.

నేను బక్కపలచన. హాస్టలు అన్నం ఒంటికి పట్టలేదు. ఒకసారి బస్తా ఎత్తబోయి కూలబడ్డాను. "నీ చేతికి కలం చాల్లేరా" అన్నాడు నాయన. అయినా మగాడంటే ఆయనే, నేను సగం మగాణ్ణే అనుకునేవాణ్ణి. ఆయన నాకు నేర్పింది మాత్రం ముడుచుకోవడం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్ళని ఎనిమిదిమందిని చంపారు. ఆ తగువు సినిమాహాల్లో కాలు తగిలిన కాడ మొదలైంది. అందుకే "హాల్లో కాళ్ళు దగ్గరికి పెట్టుకోరా" అని పదేపదే చెప్పేవాడు.

2016లో టీచరునయ్యాను. కాస్త ఒళ్ళు చేశాను. ఇస్త్రీ చొక్కా, టక్కు. స్టాఫ్ రూములో ఒక సారు ఎగాదిగా చూసి, "మీవాళ్ళలా లేవయ్యా, మంచి పర్సనాలిటీ" అన్నాడు. నేను నవ్వాను. అచ్చం నాయన నవ్వే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటేడు, 2017 సెప్టెంబరులో, గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర లింబోదరా అనే ఊళ్ళో మీసం పెంచారని దళిత కుర్రాళ్ళను కొట్టారన్న వార్త వచ్చింది. దానికి జవాబుగా ఎంతోమంది మనోళ్ళు ఫోన్లలో మీసాల బొమ్మలు పెట్టుకున్నారు. నాయనకు చదివి వినిపించాను. అప్పటికి ఆయన భుజాలు జారిపోయాయి. బస్తాలు మోసిన చోట కాయ మాత్రం మిగిలింది.

"పిల్లోళ్ళు మీసం తీసేశారా?" అన్నాడు.

"తీసేసినట్టు రాయలేదు నాయనా. మిగతావోళ్ళు కూడా పెడుతున్నారంట."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అద్దం తెమ్మన్నాడు. నెరిసిన మీసం కొసలు రెండువేళ్ళతో పైకి తిప్పి, అట్లాగే ఊళ్ళోకి పోయి టీ తాగొచ్చాడు.

నేనింకా ఆ సారుకు జవాబు చెప్పలేదు. మగతనం కండల్లో లేదని బళ్ళో పిల్లలకు చెబుతుంటాను. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది. ఆ మాట ఇప్పుడిక్కడ రాస్తున్నాను.