40 నిమిషాల ఆదరణ

మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా చనిపోతే, సమాధి చేసిన కొన్ని రోజులకి ‘ఆదరణ కూడిక’ పెడతారు. ఇంటి ముందు షామియానా, అద్దె కుర్చీలు, మైకు, పాటలు, పాస్టర్ గారి వాక్యం, చివర్లో భోజనాలు. చిన్నప్పుడు నాకు ఆ భోజనాలే గుర్తుండేవి. ఆ కూడిక ఎందుకు పెడతారో 2021 మే నెలలో తెలిసింది. ఈసారి అది మా ఇంటి కోసం. షామియానా లేదు, కుర్చీలు లేవు. జూమ్‌లో పెట్టాం.

మాది జంగారెడ్డిగూడెం. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. వర్క్ ఫ్రం హోమ్ కాబట్టి ఇంట్లోనే ఉన్నా. నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర మంట చూసే పని చేసేవారు. సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చింది. ఏలూరు తీసుకెళ్లాం. ఆరో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. మే 5 నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. సమాధి దగ్గర మేం ఆరుగురం. బంధువులు రాలేకపోయారు. వస్తామన్నవాళ్లని కూడా మేమే వద్దన్నాం.

కూడికకి లింకు పంపింది నేనే. ఇంట్లో ఇంజినీర్ని కదా! ఫ్రీ అకౌంట్. మ్యూట్ తీయడం రాక కొందరు, మ్యూట్ చేయడం రాక కొందరు. పాటలు అయ్యేసరికే సగం టైం పోయింది. పాస్టర్ గారు అమ్మ పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో స్క్రీన్ ఖాళీ అయిపోయింది. అప్పట్లో ఫ్రీ అకౌంట్‌లో ఇద్దరు దాటితే మీటింగ్ 40 నిమిషాలే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మర్చిపోయా.

కళ్లు మూసుకుని ఉన్న అమ్మ కళ్లు తెరిచి, ల్యాప్‌టాప్ వైపు చూసి, “అయిపోయిందా నాన్నా?” అంది.

కంగారుగా కొత్త లింకు పంపా. మొదట 37 మంది ఉన్నారు. రెండోసారి 19 మందే వచ్చారు. అమ్మ ఏమీ అనలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా కాలం వదల్లేదు. ఆదరణ అంటే ఇంతేనా? టైం అయిపోతే కట్ అయిపోయేదేనా?

తర్వాత రెండు నెలలు నేను బైబిల్ ముట్టుకోలేదు. అమ్మ ఎప్పటిలాగే తెల్లవారుజామున లేచి మోకాళ్ల మీద కూర్చునేది. నేను దుప్పటి ముఖం మీదకి లాక్కునేవాణ్ణి. ఆరు రోజులు నాన్న కోసం ఏడ్చి ప్రార్థించా. ఏమైంది? ఆ కోపం దేవుడి మీదో, డాక్టర్ల మీదో, నా మీదో కూడా తెలిసేది కాదు. ఫోన్‌లో మాత్రం రోజూ వాక్యాలు వచ్చేవి. పువ్వుల బొమ్మ మీద ఒక వచనం, కింద చేతులు జోడించిన ఎమోజీ. పంపినవాళ్లది మంచి మనసే. నాకు మాత్రం ఒళ్లు మండేది.

కర్ఫ్యూ సడలించాక వెనక వీధి పెద్దమ్మ వచ్చింది. ముందు ఏడాదే పెదనాన్న పోయాడు. వచ్చి అరుగు మీద కూర్చుని, అమ్మ ముందున్న మునగాకు కట్ట సగం తన వైపు లాక్కుని దూయడం మొదలుపెట్టింది. వాక్యం చెప్పలేదు, ధైర్యంగా ఉండమనలేదు. వెళ్లేటప్పుడు “రేపొస్తానే” అంది. మర్నాడూ వచ్చింది. వానలు పడేదాకా రోజూ వచ్చింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశా. “పెద్దమ్మా, దేవుడుంటే నాన్నని ఎందుకు తీసుకెళ్లాడు?”

ఆమె చేతిలో పని ఆపలేదు. “నాకూ తెలీదు నాన్నా. మీ పెదనాన్న పోయినప్పుడు నేనూ అడిగా. జవాబు రాలేదు. కానీ ఆ రాత్రుళ్లు నేను ఒంటరిగా లేను. అది మాత్రం నాకు తెలుసు” అంది.

జవాబు లేదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమే. విచిత్రంగా ఆ రోజే నాకు నిద్ర పట్టింది.

తర్వాత నెమ్మదిగా బైబిల్ తెరిచా. కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక మొదట్లోనే ఈ ఆదరణ గురించి ఉంది. గ్రీకు మూలంలో ఐదు వచనాల్లో పదిసార్లు ఆ మాటే తిరిగి తిరిగి వస్తుంది. అంతగా చెబుతున్నాడంటే సుఖంగా ఉన్నాడేమో అనుకుంటాం. కానీ కొంచెం కిందనే, ఆసియాలో తనకొచ్చిన కష్టానికి బతుకు మీదే ఆశ వదులుకున్నానని ఒప్పుకుంటాడు. ఆ గ్రీకు మాట ‘పరాక్లేసిస్’. పక్కకి పిలవడం అన్నది దాని మూలార్థం. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మని ‘ఆదరణకర్త’ అంటారు కదా, ఆ మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. పక్కన ఉండటానికి పిలిచినవాడు అని.

పక్కన ఉండటం అనగానే నాకు నాన్న గుర్తొచ్చారు. పచ్చాకుని కర్రలకి కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. అది ఎండటానికి 5, 6 రోజులు పడుతుంది. వేడి ఒక్కసారిగా పెంచకూడదు. దాదాపు 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఈనె కూడా ఆరేసరికి 160 దాకా తీసుకెళ్లాలి. ఎక్కువైతే ఆకు పాడవుతుంది, మంట తగ్గినా పాడవుతుంది. అందుకే రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాలి. చిన్నప్పుడు నాన్న పక్కన గోనెపట్టా మీద పడుకునేవాణ్ణి. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే ఆయన కూర్చునే ఉండేవారు. మళ్లీ పడుకునేవాణ్ణి. నేను మేలుకుని ఉండక్కర్లేదు, ఆయన ఉన్నారు. దేవుడి ఆదరణ నాకు అర్థమైంది ఆ లెక్కలోనే. దుఃఖం పోలేదు. దాని పక్కన ఒకరు మేలుకుని ఉన్నారు.

పౌలు అక్కడితో ఆపడు. ఆదరణ అందుకున్నవాడు దాన్ని ఇంకొకరికి అందించాలంటాడు. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేతులు వాళ్ల తలల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమే అని పలికించేవారట. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన మనిషి. పల్లెల్లో చదువు రాని కూలీలకి కూడా ఆ బాధ్యత అప్పగించారు. మరి నేను?

నేనేం చేశానో చెప్తే సిగ్గేస్తుంది. 2022 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో నా టీమ్‌మేట్ వాళ్ల అమ్మ చనిపోయింది. నేను ఒక వచనం ఉన్న బొమ్మ ఫార్వర్డ్ చేశా. అదే పువ్వులు, అదే ఎమోజీ. బ్లూ టిక్ పడింది. నా బాధ్యత అయిపోయిందనుకున్నా. మూడు వారాల తర్వాత క్యాంటీన్‌లో వాడు అన్నాడు: “నీకు నాన్న లేరు కదరా. నువ్వైనా ఫోన్ చేస్తావనుకున్నా.”

సారీ చెప్పి ఊరుకోలేకపోయా. సంక్రాంతికి వాడితో కలిసి వాళ్ల ఊరెళ్లా. కైకలూరు అవతల, కొల్లేరు వైపు. ఎటు చూసినా చేపల చెరువులే. వాళ్ల నాన్నగారు పొద్దున్నే మేత వేయడానికి వెళ్తుంటే నేనూ వెళ్లి గట్టు మీద కూర్చున్నా. మొదటి రోజు ఏం మాట్లాడుకోలేదు. రెండో రోజు ఆయనే అడిగారు. “మీ అమ్మగారికి నిద్ర పడుతుందా బాబూ?”

“ఇప్పుడు పడుతోందండి. మొదట్లో పట్టేది కాదు.”

“మరి ఎలా తట్టుకున్నారు?”

అప్పుడు చెప్పా. జూమ్ కట్ అవడం, పెద్దమ్మ మునగాకు, నాన్న బ్యారన్, నేను నమ్మే యేసు ప్రభువు. నమ్మమని అడగలేదు. ఆయన అడిగినదానికి నా దగ్గరున్న జవాబు అదొక్కటే. ఆయన చాలాసేపు నీళ్ల వైపు చూసి, “పక్కన ఎవరో ఒకరు ఉండాలి బాబూ” అన్నారు.

ఆయన మతం మారలేదు. ఇప్పటికీ ఆయన ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందే దీపం పెడతారు. కానీ ఆదివారం మధ్యాహ్నం ఒక్కోసారి ఫోన్ చేస్తారు. “చర్చి అయిందా బాబూ? మా ఆవిడ పేరు చెప్పావా?” అంటారు. చెప్తున్నా. నా విశ్వాసం పంచుకోవడమంటే ఏంటో నాకు ఆ ఫోన్‌లే నేర్పుతున్నాయి.

మీ ఫ్రెండ్ ఇంట్లో ఎవరైనా పోతే, ఏ దేవుణ్ణి నమ్మినా సరే, ఆ బొమ్మ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. వీలైతే వెళ్లండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే మరీ మంచిది.

మొన్న మే నెలలో నాన్న జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఈసారి షామియానా వేశాం. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. వెనక వరసలో నా ఫ్రెండూ, వాళ్ల నాన్నగారూ. ప్రార్థన చాలాసేపు సాగింది. కళ్లు తెరిచి అమ్మ వైపు చూశా. ఆమె కళ్లు మూసుకునే ఉంది. అయిపోయిందా అని ఎవరూ అడగలేదు.