ఆటోనగర్‌లో ఒక పూట.. ఇండికేటర్ కోసం!

విజయవాడ వెళ్తే దుర్గమ్మ దర్శనం చేసుకుంటాం, ప్రకాశం బ్యారేజీ మీద సెల్ఫీ దిగుతాం, బీసెంట్ రోడ్డులో షాపింగ్ చేస్తాం. అదే బందరు రోడ్డులో ఇంకొంచెం ముందుకెళ్తే ఆటోనగర్ గేటు వస్తుంది. అటువైపు టూరిస్టులు రారు. కానీ మీ ఇంట్లో పాత బండి ఉందా? అయితే ఒక్కసారైనా చూడాల్సిన చోటు అది.

గేటు దాటగానే వెల్డింగ్ మెరుపులు, సుత్తి దెబ్బలు, ఆయిల్ వాసన. లారీలకు బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్లు, టైర్ల రీట్రెడింగ్, సెకండ్ హ్యాండ్ స్పేర్ల కొట్లు.. నట్టు దగ్గర్నుంచి ఇంజిన్ దాకా అన్నీ అక్కడే. మధ్యలో చిన్న చిన్న ఆటో ఎలక్ట్రీషియన్ షాపులు. నేను వెళ్లింది వాటిలో ఒకదానికి.

ఎందుకంటే.. మా నాన్నది 2003 మోడల్ చిన్న కారు. మాది నందిగామ దగ్గర పల్లె. టౌన్ నుంచి రాత్రి ఇంటికొచ్చేటప్పుడు హైవే మీద డివైడర్ గ్యాప్ దగ్గర కుడికి తిరగాలి. వెనకాల హైదరాబాద్-విజయవాడ ట్రాఫిక్ మొత్తం దూసుకొస్తుంటుంది. ఓ రోజు ఆయన ఇండికేటర్ వేసే తిరిగారు. వెనకున్న లారీ మాత్రం బ్రేకు తొక్కి, అడుగుల దూరంలో ఆగింది. డ్రైవర్ దిగొచ్చి ‘లైటు వెయ్యవేం పెద్దాయనా!’ అని అరిచాడట. డ్యాష్‌బోర్డులో బాణం గుర్తు మాత్రం టకటకా వెలుగుతూనే ఉందని నాన్న అంటారు.

నందిగామలో ఒకచోట బల్బు మార్చారు. ఇంకోచోట రిలే మార్చారు. రెండ్రోజులు బాగుండేది, మళ్లీ అదే గోల. ‘కారు అమ్మేద్దాం నాన్నా’ అన్నాను. ఆయన పలకలేదు. అందుకే ఆటోనగర్.

షాపులో బాబాయ్ స్క్రూడ్రైవర్ కూడా పట్టుకోలేదు. ముందు హజార్డ్ స్విచ్ నొక్కమన్నాడు. నాలుగు మూలలా ఆడాయి. ‘రిలే బాగానే ఉందబ్బాయ్’ అన్నాడు. చాలా పాత కార్లలో హజార్డ్‌కీ ఇండికేటర్‌కీ రిలే ఒక్కటే. తర్వాత ఎడమ ఇండికేటర్ వేశాను. మామూలుగా టిక్.. టిక్. కుడి వేస్తే గబగబా టకటక. సాధారణంగా ఇది నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. ఒక వైపు మాత్రమే వేగం పెరిగిందంటే, ఆ వైపు కరెంటు తక్కువ తీసుకుంటోందని రిలే చెబుతున్నట్టు. సాధారణ ఇండికేటర్ బల్బు 21 వాట్లు. ముందొకటి, వెనకొకటి కలిపి 42. పన్నెండు వోల్టులకు సుమారు మూడున్నర ఆంపియర్లు. బల్బు పోయినా, వైరు వదులైనా అది తగ్గిపోతుంది. బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టిన బండ్లలో టకటకలాడేదీ ఇందుకే.

‘ఇప్పుడు ఇండికేటర్ అలాగే ఉంచి బ్రేకు తొక్కు. నువ్వు కాదు, మీ నాన్నని తొక్కమను. నువ్వు వెనక్కి రా’ అన్నాడు. వచ్చి చూశాను. ఇండికేటర్ మసకబారిపోయింది. పక్కనున్న ఎర్ర లైటు దాంతోపాటు సన్నగా కొట్టుకుంటోంది.

‘ఎర్త్ పోయింది’ అన్నాడు బాబాయ్.

ఆ వెనక లైట్లన్నిటికీ కలిపి బాడీకి బిగించిన ఎర్త్ వైరు ఒక్కటే. అక్కడ తుప్పు పడితే కరెంటు తిరిగెళ్లే దారి ఇరుకైపోతుంది. పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. మల్టీమీటర్ ఒక కొస ఎర్త్ వైరుకీ, ఇంకో కొస బ్యాటరీ నెగెటివ్‌కీ పెట్టి చూపించాడు. దాదాపు సున్నా ఉండాల్సిన చోట మూడు వోల్టులు! ఓమ్స్ లా మీద ఇంజినీరింగ్‌లో ఎన్ని లెక్కలు చేశానో. అది డిక్కీలో కనిపించడం మాత్రం అదే మొదటిసారి.

మిగిలింది పది నిమిషాల పని. డిక్కీలో లైనింగ్ పక్కకి లాగి, బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించి పైన గ్రీజు పూశాడు. నూట యాభై తీసుకున్నాడు. పనిచేస్తున్న పాత రిలేని, కొత్త బల్బుని ముట్టుకోలేదు.

మీ బండికీ ఇలాగే ఉంటే వరస ఇది. రెండు వైపులా పనిచేయకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, స్విచ్ చూడండి. ఒక్క వైపే తేడా ఉంటే ఆ వైపు బల్బు, హోల్డరు, ఎర్త్ చూడండి. ఫ్యూజు ఊరికే కాలుతుంటే పెద్ద ఆంపియర్‌ది వేయకండి. ఎక్కడో వైరు ఒరుసుకుపోయి షార్ట్ అవుతోందని అర్థం. అలాగే నడిపితే ఆ వైరే కాలుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, సీట్లో కూర్చుని తేల్చుకోకండి. డ్యాష్‌బోర్డు బాణం మనం స్విచ్ వేశామని చెబుతుంది. లారీ డ్రైవర్‌కి ఏం కనిపిస్తోందో దానికి తెలీదు. మనిషిని వెనక నిలబెట్టండి. ఎవరూ లేకపోతే చీకట్లో గోడకు దగ్గరగా రివర్స్ చేసి, బ్రేకు తొక్కి, గోడమీద పడే వెలుగు అద్దంలో చూడండి. ఒక్క నిమిషం చాలు. నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం బయల్దేరే ముందు అదే చేస్తున్నారు. కారు అమ్మే మాట నేనూ ఎత్తడం లేదు.