సీటు కింద ఇంజన్

మే నెల మధ్యాహ్నం రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్‌లో మారుతి వ్యాన్ నడిపేవాళ్లకు ఇంజన్ ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కూర్చున్న సీటు కిందే మసలుతూ ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఎన్టీపీసీ రామగుండంలో మొదటి యూనిట్ మొదలైంది 1983లో అయితే, ఈ వ్యాన్ మార్కెట్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడాది. తర్వాత ఓమ్ని అన్న పేరొచ్చింది, 2019లో తయారీ ఆగింది. అయినా ఏపీ 15 నంబరు ప్లేట్లతో టౌన్‌షిప్ రోడ్ల మీద, గోదావరిఖని చౌరస్తాలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. బడిపిల్లల్నీ, పెళ్లి సామాన్నీ, కరీంనగర్ ఆసుపత్రులకు వెళ్లే రోగుల్నీ ఇన్నేళ్లు మోసిన ఈ బండంటే నాకు గౌరవం. అందుకే, సరిగా చూసుకుంటే ఇంకా నడిచేవాటిని ‘ముసలిదైపోయింది’ అని పాత ఇనుము కింద అమ్మేస్తుంటే బాధేస్తుంది. చాలా బండ్లు వయసు మీదపడి ఆగవు. మంచి నీళ్లూ మంచి గాలీ అందక ఆగుతాయి.

నీళ్ల సంగతే ముందు. ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బండి కాస్త వేడెక్కగానే దగ్గర్లో ఉన్న బోరు నీళ్లు పట్టుకొచ్చి రేడియేటర్‌లో పోస్తారు. ఇంట్లో గీజర్ కాయిల్‌కు తెల్లగా పట్టే ఉప్పే ఆ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అలా పోస్తూ పోతే గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోస్తే అయ్యే ఖర్చు, హెడ్ విప్పినప్పుడు అయ్యే ఖర్చు ముందు ఏపాటిది? పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడాలి. నీళ్లు ఇటుక రంగులో ఉంటే లోపల తుప్పు పట్టింది. పైన నూనె తెట్టు తేలితే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. దారిలో వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. మూత జోలికి పోకూడదు, చన్నీళ్లు గుమ్మరించకూడదు. ఈ ఇంజన్‌కు అల్యూమినియం హెడ్. ఒక్కసారి విపరీతంగా వేడెక్కినా వంగిపోతుంది.

వేడెక్కకుండా ఉండాలని థర్మోస్టాట్ పీకేసే అలవాటు ఒకటుంది. నాకు అది అస్సలు నచ్చదు. అది లేకపోతే చలికాలం ఇంజన్ ఎంతకీ వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. చూడాల్సింది రేడియేటర్ ఫ్యాన్ వేళకు తిరుగుతోందా, రబ్బరు పైపులు ఉబ్బాయా అన్నది.

కార్బొరేటర్ బండ్లకు ఇంకో ఎండాకాలపు జబ్బుంది. రాజీవ్ రహదారి మీద చక్కగా వచ్చిన బండి రైల్వే గేటు దగ్గర కాసేపు నిలబడిందా, మళ్లీ స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందకుండా పోవడమే కారణం. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దింపేకంటే, సీటు ఎత్తి వేడి పోనిచ్చి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే అదే పలుకుతుంది. సెల్ఫే తిరగకుండా టక్‌టక్‌మంటే మాత్రం వేరే కథ. ముందు బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొక్కు వేడినీళ్లతో కడిగి బిగించాలి.

ఇక గాలి. ఒకవైపు సింగరేణి ఓపెన్‌కాస్టుల బొగ్గుపొడి, ఇంకోవైపు 2,600 మెగావాట్ల ప్లాంటు బూడిద. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క మన ఊరి ఎయిర్ ఫిల్టర్‌కు సరిపోదు. దాన్ని చేత్తో తట్టి, లోపలినుంచి బయటికి గాలి కొట్టించాలి. కాగితం నల్లబడి వెలుతురు దూరకపోతే కొత్తది వేయాలి. ఆ దుమ్ము సిలిండర్‌లోకి దిగితే పిస్టన్ రింగులు అరిగి ఇంజన్ బోరుకొస్తుంది. బండి మిస్సింగ్ కొడుతుంటే మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే భయం లేదు. పొడిమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. ఆయిలు తడి ఉండి, వెనక పొగ నీలంగా వస్తుంటే రింగుల పని పడినట్టే.

ఇంజన్‌తో పాటు టైర్ల వయసూ చూడాలి. వాటి మీద అచ్చొత్తిన తయారీ తేదీ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు లోతుగానే ఉన్నాయని పదేళ్లనాటి టైర్లతో ఎండలో హైవే ఎక్కొద్దు.

గ్యాస్ విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. వంటగ్యాస్ సిలిండర్‌ను బండికి తగిలించడం నేరం, పిల్లలు ఎక్కే బండిలో ఘోరం. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారున చేరుతుంది. అనుమతి ఉన్న కిట్ పెట్టించి, ఆర్సీలో రాయించుకున్న బండిలోనైనా వాసన వస్తే తాళం తిప్పకుండా ముందు అందర్నీ దింపాలి. వెనక కూర్చున్న పిల్లలకు దారి జరిగే తలుపులే. ఆ తలుపు కింది పట్టాలో మసి, ఇసుక చేరి రోలర్ పట్టేస్తే పెద్దవాళ్లే రెండు చేతులా లాగాల్సి వస్తుంది. గ్రీజు పూస్తే దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది. కాబట్టి పాత బ్రష్‌తో పట్టా తోమి, పొడిగుడ్డతో తుడిచి, అరిగిన రోలర్ మార్పించాలి. తర్వాత ఒకటో తరగతి పిల్లను వెనక కూర్చోబెట్టి, లోపలినుంచి తలుపు తీయమనాలి. ఆ పిల్ల తీయలేకపోతే, ఆ రోజు బండి బడికి పోకూడదు.