పేరు పెట్టని ప్రాణి

మనిషి చేతిలో పుట్టిన కృత్రిమ ప్రాణుల కథలు ఎన్నో వచ్చాయి. వాటిలో 1818లో వెలువడిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ పేరు భూతానిదని చాలామంది అనుకొంటారు. నిజానికి అది దానిని తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. ఆ ప్రాణికి నవల ముగిసేవరకు పేరే ఉండదు. హోసూరు ప్రాంతంలో తెలుగు బోధించే నాకు, అందులోని భయానక ఘట్టాలకంటే ఆ ప్రాణి భాష నేర్చుకొన్న తీరే మనసులో నిలిచిపోయింది.

అది కళ్ళు తెరవగానే విక్టర్ జడిసి పారిపోతాడు. దిక్కులేని ఆ ప్రాణి ఒక ఇంటిని ఆనుకొని ఉన్న పాకలో దాగి, సందులోంచి ఆ ఇంటివారి మాటలు నెలల తరబడి ఆలకిస్తుంది. నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు వంటివి మొదట పట్టుబడిన మాటలు. ఆ ఇంటిలో ఒకే మనిషికి వరుసను బట్టి రెండు మూడు పిలుపులు ఉండటం కూడా గమనిస్తుంది. పరదేశం నుండి వచ్చిన సాఫీ అనే యువతికి ఆ ఇంటివారు చదువు చెబుతుంటే, చాటునుండి విని ఆమెకంటే త్వరగా నేర్చుకొంటుంది. భాష వచ్చిన తరువాతనే, తనను ఏ వరుసతోనూ పిలిచేవారు లేరన్న బాధ దానికి కలుగుతుంది. ఒకనాడు ఇంట్లో ఒంటరిగా ఉన్న అంధుడైన వృద్ధునితో మాట్లాడుతుంది. ఆయన ఆ మాటతీరును బట్టి తన దేశస్థుడే అనుకొని ఆదరంగా పలుకుతాడు. అంతలో వచ్చిన కొడుకు ఆ రూపాన్ని చూసి కర్రతో కొట్టి తరుముతాడు.

చాటునుండి విన్నా భాష వస్తుంది. కాని ఆ భాషలో మనలను పిలిచేవారు ఉన్నప్పుడే మనం ఒక ఇంటి మనుషులం అవుతాము. నాకు ఈ కథ చెప్పినది ఇదే.

“ఇంట్లో వింటూనే ఉన్నాడు కదా, తెలుగు ప్రత్యేకంగా ఎందుకు?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మా తరగతిలో ఒకసారి, ఇంట్లో ఎవరు మిమ్మల్ని ఏమని పిలుస్తారో వ్రాయమన్నాను. మేనత్తకూ, పిన్నికీ, పక్కింటావిడకూ కలిపి ‘ఆంటీ’ అని ఒక్క మాటే వ్రాసినవారు ఉన్నారు. ఒక అమ్మాయి మాత్రం, తనతో తెలుగులో మాట్లాడేది అవ్వ ఒక్కతేననీ, అమ్మానాన్నలు తమలో తాము తెలుగు మాట్లాడుకొన్నా తనతో ఇంగ్లీషులోనే మాట్లాడతారనీ వ్రాసింది. ఆ కాగితం చదివినప్పుడు నాకు ఆ పాక గుర్తుకు వచ్చింది.

పిల్లల ముందు తెలుగు మాట్లాడుకోవడం వేరు, పిల్లలతో తెలుగు మాట్లాడటం వేరు. నేడు యంత్రాలు కూడా తెలుగు వాక్యాలు అల్లుతున్నాయి. కాని పిల్లవానికి అత్తగానీ మామగానీ కాగల యంత్రం లేదు. తోటి ఉపాధ్యాయులు ఇటువంటి వరుసల పట్టికను తమ తరగతులలోనూ వ్రాయించి చూడవలసిందిగా కోరుతున్నాను. తల్లిదండ్రులు రోజుకు కొంతసేపైనా పిల్లలను వరుసపెట్టి పిలిచి, తెలుగులో ప్రశ్న అడిగి, వారి జవాబు పూర్తయ్యేవరకు వినండి.