రెండంగుళాల తేడా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు, బండలు కొని చూడు అని ఎందుకు అనలేదో నాకిప్పటికీ తెలియదు. పాపం, ఆయనది మట్టినేలేమో!

వికారాబాదులో మేము ఇల్లు మొదలుపెట్టాక, గోడలు లేచేదాకా మావారికీ నాకూ ఏ పేచీ లేదు. నేల దగ్గరే వచ్చింది. ఆయనకి అద్దంలా మెరిసే టైల్సు కావాలి. నాకు తాండూరు బండలు కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచి, చాపైనా లేకుండా వాటి మీద నడుం వాల్చిన సుఖం ఎరిగినవాళ్లు వాటిని మరచిపోగలరా, మీరే చెప్పండి.

"చింతపండు పులుసు పడితే మచ్చ పోదు, తెలుసా?" అన్నారాయన.

నిజమే. అది సున్నపురాయి, పులుపుకి ఓర్వదు. "ఒలకబోయకుండా తినండి" అన్నాను. వాదం ముగిసింది.

తాండూరు మాకేమంత దూరం కాదు. రైలెక్కి ధారూరు దాటితే ఇంకాసేపట్లో దిగిపోవచ్చు. వాడి నుంచి సికింద్రాబాదుకి 1874లో, నిజాం కాలంలో వేసిన దారి అది. తాండూరు చుట్టుపక్కల నేల కింద నాపరాయి పుస్తకంలో పుటల్లా పొరలు పొరలుగా ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకుని గట్టిపడిన ఒండ్రట. పొర విడదీస్తే బండ. కొంత నీలం, కొంత పసుపు. సరిహద్దు దాటితే కర్ణాటకలో షాబాదు బండ అనేదీ ఈ జాతే. మా వైపు ఫర్షీ అంటారు.

రెండడుగులకి రెండడుగుల బండలు 250 కొన్నాం. అంటే వెయ్యి చదరపు అడుగులు. లారీ వచ్చింది. దించేటప్పుడు మూడు బండలు పగిలాయి. వాటి ఖరీదు హమాలీల కూలీలోంచి కోసేశాను. పైగా, లెక్కలో నా అంతటిది లేదని మురిసిపోయాను కూడా.

వారం తిరక్కుండానే మేస్త్రీ వచ్చి, "అమ్మా, హాలు అయింది గానీ వెనక గదికి బండలు చాలవు" అన్నాడు. టేపు పెట్టి చూద్దును కదా, ఒక్కో బండ 22 అంగుళాలే! కాగితం తీసి లెక్క కట్టాను. బండకి నాలుగు చదరపు అడుగులు రావలసింది 3.36 మాత్రమే వచ్చింది. వెయ్యికి గాను 840. రెండంగుళాలే కదా అనుకునేరు, ఏకంగా 160 చదరపు అడుగులు ఎగిరిపోయాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "సైజు గంతేనమ్మా" అని పెట్టేశాడు.

తాండూరులో రాళ్ల వ్యాపారుల సంఘం ఉంది, అక్కడ చెప్పుకోమన్నారెవరో. మావారు నవ్వారు. "పిల్లి పాలు తాగిందని పిల్లుల సంఘంలో ఫిర్యాదా?"

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కనక నాకు నవ్వు రాలేదు. కాకతీయుల కాలం నాటికే వర్తకులకి నకరాలు, పెక్కండ్రు అనే సంఘాలుండేవి. మన కాలానికొస్తే, కట్టడం పనుల కాంట్రాక్టర్లు 1941లోనే దేశానికంతటికీ కలిపి బిల్డర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇళ్లు కట్టి అమ్మే డెవలపర్లకి 1999 నుంచి క్రెడాయ్ ఉంది. ఒంటరి వర్తకుడు మాట తప్పినా, నలుగురిలో ఉన్నవాడు సరుకు పేరు కోసమైనా నిలబడతాడని నా నమ్మకం. మర్నాడే రైలెక్కాను.

సంఘమంటే ఏమో అనుకున్నాను. ఒక గది, రెండు బెంచీలు, గోడ మీద సభ్యుల పేర్లున్న బోర్డు. మెట్ల కింద పాలిష్ మిషన్ల రొద, తెల్లటి దుమ్ము. పెద్దాయన ఒకరు కుర్చీ చూపించి చాయ్ తెప్పించారు.

"కరెంటు బిల్లని, రాయల్టీ అని, ఒక్కడు పోయి అడిగితే ఆఫీసుల కూసోమని గూడ అనరమ్మా. పదిమంది పోతే ఇంటరు. అందుకే ఈ సంఘం" అన్నారు. తర్వాత నా కాగితం చూశారు. "రెండడుగులనేది అంచులు కొయ్యకముందటి కొలత. కోస్తే తరుగు పోతది. గది మాకెరికె. మీకెవరన్న చెప్పిన్రా?"

"లేదండీ."

"అయితే తప్పు మాదే" అని ఫోన్ తీసి నా వర్తకుణ్ణి పిలిచారు. "టైల్సోడు పెట్టె మీద కొలత అచ్చేసి ఇస్తుండు. మనం రెండంగుళాలు మింగుతే రేపు మన ఫర్షీ ఎవడు కొంటడు చెప్పు?"

అరగంటలో తేలిపోయింది. 48 బండలు పంపాలి, లారీ కిరాయి చెరి సగం. గెలిచిన ఉత్సాహంతో మెట్లు దిగాను.

కింద ఆడవాళ్లు బండలు మోసి లారీకి ఎత్తుతున్నారు. తలమీద చుట్టకుదురు, కనుబొమల దాకా తెల్లటి దుమ్ము. ఊపిరి తీసుకోడానికి ఆగినామెని ఊరికే పలకరించాను. "నువ్వూ ఈ సంఘంలో ఉన్నావా అమ్మా?"

ఆమె నవ్వేసింది. "మేమెట్ల ఉంటమమ్మా! గది సేట్లది."

"మరి బండ పగిలితే?"

"కూలీల కోస్తరు. పగలకుంట చూస్కోవాలె" అంది. ఫిర్యాదులా కాదు, వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా.

రైల్లో కూర్చున్నాక నా గెలుపు చేదయింది. నాకు రెండంగుళాలు తగ్గితే చెప్పుకోడానికి మెట్లెక్కే చోటు ఒకటుంది. చాయ్ ఇచ్చి మరీ విన్నారు. నేను కూలీ కోసిన హమాలీలు ఏ మెట్లెక్కాలి? ఆ పెద్దాయన న్యాయంగానే తీర్చారు, కాదనను. కానీ ఆ బోర్డు మీద లేని పేర్ల తగవు తీర్చేదెవరు? మొదటి లారీ వాళ్ల కోసం వాకబు చేశాను. ఎక్కడివాళ్లో, దొరకలేదు.

రెండో లారీ వచ్చిన రోజు దించేటప్పుడు మళ్లీ ఒక బండ చెయ్యి జారి పగిలింది. హమాలీ కుర్రాడు బండని చూడలేదు, నా మొహం చూశాడు. కూలీ పూర్తిగా ఇచ్చేశాను. ఆ ముక్కల్ని మేస్త్రీ చేత పెరట్లో బట్టలుతికే చోట వేయించాను.

సాయంత్రం మావారు కాళ్లు కడుక్కుంటూ అడిగారు. "ఈ పగిలింది లెక్కలోదేనా?"

"లెక్కలోదే" అన్నాను.