మామయ్య బొంగరాలు

మా మామయ్య వడ్రంగి. ఈ కొడవలూరు చుట్టుపక్కల పాత ఇళ్లకు ఆయన బిగించిన తలుపులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. రెడీమేడ్ తలుపులొచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు, ఆయనా మానేశారు. పెరట్లో రేకుల షెడ్డు కిందున్న తరిమెన మాత్రం ఏటా ధనుర్మాసంలో తిరగాల్సిందే. తరిమెన అన్న మాట నేను బీఏ తెలుగులో ఎక్కడా చదవలేదు, ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే విన్నాను. లేత్ మిషనేనండీ. కర్రను రెండు మొనల మధ్య బిగిస్తారు. అది తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతారు.

ఆ నెలంతా ఆయన చేసేది బొంగరాలు. అమ్మడానికి కాదు, సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ల పిల్లలకు ఇవ్వడానికి. ఏడాదికి అరవై, డెబ్బై అవుతాయి.

ఆ కాపలా కుటుంబాల్లో ఎక్కువమంది యానాదులు. మన రాష్ట్రంలోని గిరిజనుల్లో సంఖ్యలో అందరికంటే పెద్ద తెగ వాళ్లదే. 2011 జనాభా లెక్కల్లోనే 5 లక్షలకు పైన ఉన్నారు, అందులోనూ మా నెల్లూరు వైపు ఎక్కువ. చేపలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, తోటల కాపలా వాళ్లకు పాత పనులు. గుంటల కాపలా తర్వాత వచ్చింది. గుంట గట్టు మీదే గుడిసె. రాత్రీ పగలూ అక్కడే ఉండాలి కాబట్టి సంసారం మొత్తం అక్కడే. చుట్టూ నీళ్లు, ఏరేటర్ల చప్పుడు. పక్కిల్లు అనేదే లేకపోతే పిల్లలకు ఆటకు తోడెవరొస్తారు? బొంగరమైతే ఒక్కడే తిప్పుకోవచ్చు, నలుగురు కలిస్తే గిరి గీసుకుని ఆడుకోవచ్చు. ఇది మామయ్య లెక్క.

కర్ర కొనరు. భోగి మంటకని జనం పక్కన పడేసిన సామానులో ఏరుకొస్తారు. విరిగిన మంచం కోడు, పాత ద్వారబంధం ముక్క, బండి ఆకు. తుమ్మ అయితే కళ్లు మెరుస్తాయి. ఏళ్ల తరబడి ఎండిన కర్ర కాబట్టి మేకు దిగినా పగలదు. పచ్చి కర్రతో చేసిన బొంగరం ఎండే కొద్దీ నెర్రెలిచ్చి, మొదటి దెబ్బకే రెండు ముక్కలవుతుంది. పెయింటు ఉన్న చెక్కను మాత్రం ముట్టుకోరు. పాత పెయింట్లలో సీసం ఉంటుంది, చెక్కేటప్పుడు ఆ పొడి మన ముక్కుల్లోకే పోతుంది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు వేసిన రంగుల సంగతి మనకేం తెలుస్తుంది?

రంగు కోసం ఒక్క ఎర్ర గీత పెడతారు, అంతే. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మలకు లక్క వేసేదీ ఇలాగే. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో సహజ రంగులు తయారుచేయించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు. వాళ్లు వాడే అంకుడు కర్ర మెత్తన, బొమ్మకు హాయిగా ఉంటుంది. గిరిలో పడి పక్కవాడి మేకుతో పోట్లు తినడానికి మాత్రం తుమ్మే కావాలంటారు మామయ్య.

అసలు పనంతా మేకులో ఉంది. కర్ర నడిమధ్య సన్నగా బెజ్జం వేయాలి. మేకు దిగ్గొట్టి, తల కోసేసి, తరిమెన మీద తిప్పుతూ ఆకురాయితో మొన సరిచేయాలి. వెంట్రుక వాసి పక్కకు పోయినా బొంగరం ఎగిరెగిరి పడుతుంది. ఒక్కొక్కటీ సిమెంటు గచ్చు మీద తిప్పి చూస్తారు. నిలబడి తిరిగితే సంచిలోకి, ఊగితే మళ్లీ మొదటికి. "ఉత్తినే ఇచ్చేదేగా నాన్నా, ఏదో ఒకటి తిరిగితే చాల్లే" అన్నారు మా ఆయన ఒకసారి. "ఉత్తినే ఇచ్చేది కాబట్టేరా. కొనుక్కున్నోడైతే తెచ్చి నా మొహాన కొడతాడు. ఈ బిడ్డ ఎవురికి చెప్పుకుంటాడు?" అన్నారాయన.

పాత రోజుల్లో మోటారు లేదు. ఒకరు తాడు లాగితే కర్ర తిరిగేది, ఒకరు ఉలి పట్టేవారు. ఆ తాడు లాగింది మా అత్తయ్య. మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నన్ను బిందె ఎత్తనివ్వని మనిషి, తను నెలలు నిండేదాకా తాడు లాగిందట. ఊళ్లో అందరూ ఆ తలుపులు మామయ్యవి అనే చెబుతారు. మా జిల్లాలోనే ఉదయగిరిలో కొండ కర్రతో గరిటెలు, ఫోర్కులు చెక్కేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అక్కడ కనీసం ఆ సంగతి నలుగురికీ తెలుసు.

పంచేటప్పుడు పిల్లల్ని వరుసలో నిలబెట్టరు. గోతాం బండికి కట్టుకుని వెళ్లి, గట్టు మీద తనే ఒకటి తిప్పుతారు. పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. గోతాం కింద పోసి, ఎవరిది వాళ్లే ఏరుకోమంటారు. ఒకసారి ఒక సేవా సంఘం వాళ్లు ఫొటోలకు వస్తామంటే, "అయితే మీరే చేసుకోని ఇయ్యండయ్యా" అని పంపేశారు. పెంకితనమే. వాళ్లు వస్తే ఇంకో రెండు వందల బొంగరాలకు కర్ర దొరికేది అనిపించింది నాకు. కానీ ఎవరో ఇచ్చిన చొక్కా తొడుక్కుని ఫొటోలో నిలబడ్డ పిల్లాడి మొహం మీరూ చూసే ఉంటారు.

అందరూ సంతోషపడతారనుకోకండి. ఒక తల్లి "దీన్ని పట్టుకోని బడికి పోడయ్యా వీడు" అంది. మామయ్య ఏమీ అనలేకపోయారు. బడి మూడు కిలోమీటర్లు, గట్ల మీద నడక, వానొస్తే దారుండదు. ఆమె భయం ఆమెది, కాదనడానికి మనమెవరం? ఇంకొకామె "బియ్యం తెస్తే బాగుండు" అంది. మరుసటి ఏడాది నుంచి గోతాలు రెండయ్యాయి, ఒకదాంట్లో బియ్యం. బొంగరాలు మాత్రం తగ్గించలేదు.

నిరుడు నేనూ వెంట వెళ్లాను. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి చేతులు వెనక్కి పెట్టుకుని, "తాతా, ఆడబిడ్డలకు ఈవా?" అంది. అప్పటిదాకా మగపిల్లలే ముందుకొచ్చి తీసుకునేవాళ్లట. ఆడపిల్లలు దూరం నుంచి చూసి ఊరుకునేవాళ్లట. నా చిన్నప్పుడు అచ్చనగాయలు, వామనగుంటలు ఆడనిచ్చారు గానీ బొంగరం ముట్టుకుంటే "మగరాయుడివా" అనేది నాయనమ్మ. ఆ పిల్ల అన్నిట్లోకీ బరువైనది ఏరుకుంది. జాటీ చుట్టడం రాలేదు, నాకూ రాదు. వాళ్లన్న నేర్పుతుంటే ఇద్దరం నేర్చుకున్నాం. నలభై నాలుగేళ్లకు నా మొదటి బొంగరం గట్టు మీద తిరిగి, దొర్లి గుంటలో పడింది. ఆ పిల్ల నవ్వు ఆగితే ఒట్టు.

ఈ ఏడు మామయ్య కుడి చెయ్యి వణుకుతోంది. మిషను దగ్గరికి పోవద్దన్నారు డాక్టరు. ఉలి కర్రలో చిక్కుకుంటే చేతినే లాగేస్తుంది మరి. ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ. పొద్దున చెయ్యి నిలకడగా ఉన్న గంటసేపే ఆయన చెక్కుతారు, అత్తయ్య స్విచ్చి మీద చెయ్యి వేసి పక్కనే నిలబడుతుంది. బెజ్జం, మేకు, ఆకురాయి నావి. మొదట్లో నేను వేసినవి పదింటికి నాలుగు ఊగేవి, ఇప్పుడు ఒకటి. ఊగినదాన్ని ఆయన వేలితో చూపిస్తారు, మాట అనరు. నేను మేకు పీకుతాను.

నలభై ఒకటి పూర్తయ్యాయి. అందులో పన్నెండు కాస్త చిన్నవి, చిన్న చేతులకని విడిగా కట్టాం. భోగికి ఇంకా ఆరు రోజులుంది, ఇరవై రెండింటికి మేకులు వేయాలి. అత్తయ్య అరుగు మీద కూర్చుని జాటీలు పేనుతోంది.